రోజుకు వాడుకలు ఎన్ని

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను గొప్పకు చెప్పుకుంటున్న సంగతి కాదు, మా ఆవిడ పదిమందిలో చెప్పే సంగతి. కోవెల్లో చేతిలో పెట్టిన పులిహోర కూడా వాసన చూసి గానీ నోట్లో వేసుకోనని ఆవిడ ఫిర్యాదు. ముప్పై అయిదేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే తప్పు రాస్తే ఏం జరిగిందో పేపరు చూడగానే తెలిసిపోయేది. ఆ చూపు రిటైరయ్యాక మాత్రం ఎక్కడికి పోతుంది? కూరల కొట్లోనూ, బ్యాంకులోనూ, పెళ్ళి భోజనాల్లోనూ నాతోపాటే తిరుగుతోంది.

అందుకే, నా దగ్గర పదో తరగతి చదివి వెళ్ళిన ఒకడు ఇన్నేళ్ళ తరవాత కాజాల పొట్లం పట్టుకుని టెక్కలిలో మా ఇంటికి వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టగానే, వీడికి నాతో ఏదో పని పడిందనుకున్నాను. నిజంగానే పడింది. వాడిప్పుడు చేపల కంపెనీ ఒకదానికి మేనేజరు. ఆఫీసు శ్రీకాకుళంలో. కంపెనీ వాళ్ళు భావనపాడు రేవులో పడవల దగ్గర చేపలు కొంటారు. అందులో కొంత, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళవెంట తిరిగి అమ్ముకునే ఆడవాళ్ళకు ఇస్తారు. ఎండలో చేప పాడైపోతోందని, ఆ ఆడవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక నీలం రంగు ఐసు పెట్టె పంచారట. పెట్టెలో ఐసు వేసుకుంటే చేప సాయంత్రం దాకా నిలవుంటుంది, మిగిలింది మర్నాడు అమ్ముకోవచ్చు, ఇంకో రెండూళ్ళు ఎక్కువ తిరగవచ్చు. వాళ్ళ ఆలోచన అది.

"ఇప్పుడు పైవాళ్ళు అడుగుతున్నారు మేష్టారూ. పెట్టెల వల్ల అనుకున్న ప్రయోజనం వచ్చిందా లేదా అని. ఇంగ్లీషులో ఫారం ఉంది. అది మీరు తెలుగు చేసిపెట్టాలి. రెండు నెలలు నింపించాక, వచ్చిన జవాబులు చూసి మీ అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి" అన్నాడు.

"నాకు చేపల గురించి ఏం తెలుసురా?"

"తెలియకపోవడమే కావాలి సార్. మీరు తినరు, అమ్మరు. మీకు ఏ పక్షమూ ఉండదు."

ఆ మాట నాకు నచ్చింది. మా తాతలు రామతీర్థంలో స్వామి సేవ చేసి బతికినవాళ్ళు. చేప అన్న మాట మా ఇంట్లో దశావతారాలు చెప్పుకునేటప్పుడు తప్ప వినపడేది కాదు. నా అభిప్రాయం బాగుందని వస్తే ఏం చేస్తారని అడిగాను. పెట్టె తప్పనిసరి చేస్తారట. అది నెత్తిన పెట్టుకుని వెళ్ళేవాళ్ళకే ఇకమీదట రేవులో చేప ఇస్తారట. బాగాలేదని రాస్తే పెట్టెలు వెనక్కి తీసేసుకుంటారట. సరే, అంతా ఆ ఆడవాళ్ళ మంచికే కదా అని ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడంలో, నా సంతకానికి ఇంకా విలువుందని ఒకడు వచ్చి చెప్పినందుకు కలిగిన సంతోషమే ఎక్కువ.

ఫారం రెండు పేజీలు. ఒక్క పూటలో తెలుగు చేసేశాను. చేసి, మా ఆవిడకు పైకి చదివి కూడా వినిపించాను. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం మా శిష్యుడికీ నాకూ చిన్న పేచీ వచ్చింది. పెట్టెను రోజులో ఎన్నిసార్లు ఉపయోగిస్తున్నారన్నది అక్కడి ప్రశ్న. నేను 'రోజుకు వాడుకలు ఎన్ని?' అని రాశాను. దాని కిందే ఎనిమిదో ప్రశ్న, 'వాడుకల వివరం'.

వాడు కాగితం వంక కాసేపు చూశాడు. "పెట్టె ఎన్నిసార్లు వాడారు అంటే సరిపోదా సార్?" అన్నాడు.

నాకు చర్రున కోపం వచ్చింది. "క్రియాపదం పెట్టి అడిగితే కథ చెప్తారురా. నామవాచకం పెట్టి అడిగితే అంకె చెప్తారు. పెట్టె గురించేనని ఫారం నెత్తిమీద రాసే ఉంది. ప్రతి ప్రశ్నలోనూ పెట్టె, పెట్టె అంటే చదివేవాడికి విసుగు పుట్టదూ?" అన్నాను.

"సరే సార్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పదో తరగతిలో కూడా అలాగే సరే సార్ అనేవాడు. కాకపోతే ఇంత తొందరగా అనేవాడు కాదు.

రెండు నెలలు తిరిగేసరికి ఆఫీసు నుంచి ఒక పట్టిక పంపించాడు. ఎవరు ఏం చెప్పారన్న అసలు కాగితాలు కాదు, ఉట్టి అంకెలు. ఎడమ పక్క ఆడవాళ్ళు, పైన తేదీలు, గళ్ళలో ఏడో ప్రశ్నకు జవాబులు. "రిజల్టు అదిరిపోయింది సార్, మీరు నాలుగు పేజీలు రాసిచ్చేయండి" అని ఫోను.

నేను కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. ఒకామెకు రోజుకు తొమ్మిది. ఒకామెకు పంతొమ్మిది. ఒకామెకు పద్నాలుగు. పద్నాలుగామెకు మొదటిరోజు పద్నాలుగు, మర్నాడూ పద్నాలుగు, నెల చివరా పద్నాలుగే. మిగతావాళ్ళూ అంతే, ఎవరి అంకె వాళ్ళదే, కదలదు మెదలదు. పోనీ అనుకున్నా, తుపాను హెచ్చరికతో ఒక్క పడవ కూడా సముద్రంలోకి దిగని మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజుల గళ్ళలోనూ పద్నాలుగు, తొమ్మిది, పంతొమ్మిది. చేపే లేని రోజున పెట్టెను పద్నాలుగుసార్లు వాడి ఏం చేసింది ఈ మహాతల్లి?

"దొరికాడు" అన్నాను పైకే.

"ఎవరు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఎవడో ఒకడు. నీడన కూర్చుని అన్నీ తనే నింపేశాడు."

"మీకు దొంగ దొరక్కపోతే అన్నం అరగదు" అంది ఆవిడ.

మర్నాడు తెల్లవారకుండా బయల్దేరి, ఎవరికీ చెప్పకుండా భావనపాడు వెళ్ళాను. చెప్పి వెళ్తే అన్నీ సర్దిపెడతారని నా అనుమానం. రేవులో తూకం దగ్గర ఒక గుమస్తా ఉంటాడు, నలభై దాటిన మనిషి. ఫారాలు నింపింది అతనే. నేను ఎవరో చెప్పగానే కుర్చీ దులిపి వేశాడు. కూర్చోలేదు. ముందు పెట్టెలు చూపించమన్నాను. అతని మొహంలో రంగు మారింది. అది చూసి నాకు లోపల్లోపల ఎంతో తృప్తి కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఇళ్ళవెంట తిప్పాడు. ఒక ఇంట్లో పెట్టెనిండా బియ్యం. ఒక ఇంట్లో పట్టుచీరలు, మధ్యలో కలరా ఉండలు. ఒక అరుగు మీద పెట్టె బోర్లించి ఉంది, దానిమీద ఒక ముసలాయన కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. ఐసు ముట్టిన పెట్టె ఒక్కటి లేదు. చేప వాసన తగిలిన పెట్టె కూడా ఒక్కటి లేదు.

"ఆ అంకెలు ఎక్కడివయ్యా?" అని గుమస్తాను నిలదీశాను.

"ఆలు సెప్పినవే బాబూ. ఏటి సెప్తే అదే రాసినాను. నా సొంతం ఒక్కటీ నేదు."

"తుపాను రోజున కూడా పద్నాలుగేనా?"

అతను నన్ను వింతగా చూశాడు. "తుపానొత్తే తగ్గిపోతాయేటి బాబూ?" అన్నాడు.

ఇంత మొండి అబద్ధం నా సర్వీసులో వినలేదు. పుస్తకం తీసి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఇతని ఉద్యోగం ఊడగొట్టి గానీ ఇంటికెళ్ళకూడదనుకున్నాను. దానికి సాక్ష్యం కావాలి. ఆ పద్నాలుగామె ఎవరో చూపించమన్నాను.

ఆమె అప్పటికే ఆటో ఎక్కబోతోంది. యాభై దాటి ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. కాళ్ళ దగ్గర అల్యూమినియం తట్ట, దానిమీద తడిపిన గోనెపట్టా. నేను ఫలానా అని, ఈరోజు ఆమె వెంట తిరుగుతానని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"పద్నాలుగని సెప్పినాను గదా, నిజమో కాదో సూడ్డానికొచ్చారేటి? రండి బాబూ. ఒక్కటి తగ్గినా నన్నడగండి" అంది.

ఆ ధైర్యం చూసి ఆశ్చర్యపోయాను. ఆటోలో ఆమె తట్టకు ఎదురుగా కూర్చుని, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీ పెట్టె ఏదీ?" అన్నాను.

"ఇంటికాడ ఉన్నాది బాబూ. బద్రంగా ఉన్నాది. గీత కూడా పడనేదు."

అదీ రాసుకున్నాను.

ఆమె తిరిగేది దారిలో ఒక ఊరు, ఆ తరవాత టెక్కలిలోనే మూడు వీధులు. అందులో ఒకటి మా ఇంటికి రెండు సందుల అవతల. ఎన్నేళ్ళుగానో ఆమె మా వెనకవీధిలో కేక వేస్తూ తిరుగుతోందన్నమాట. నేను ఒక్కరోజు కూడా ఆమెను చూసిన గుర్తు లేదు. మొదటి ఇంటి ముందు తట్ట దించింది. ఇంటావిడ వచ్చి గోనెపట్టా ఎత్తి, ఒక చేప మొప్ప వేలితో తెరిచి, ఎర్రగా ఉందో లేదో చూసి, "ఐసు సేప కాదు గదా?" అంది.

"ఐసు నీడ కూడా పడనేదమ్మా. తెల్లారి పడవలోది."

రెండో ఇంటి దగ్గరా అదే మాట. మూడో ఇంటి దగ్గరా అదే. నాలుగో ఇంట్లో ఒక ముసలమ్మ వంగి వాసన కూడా చూసింది. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. అయిదో ఇల్లు అయ్యాక ఆగలేక అడిగాను, అందరూ ఐసు, ఐసు అని ఎందుకు అడుగుతున్నారని.

తట్ట నెత్తికెత్తుకుంటూ చెప్పింది ఆమె. "ఐసులో ఎట్టినారంటే నిన్నటిదని గదా బాబూ అర్తం. మొన్నటిదో, అటు మొన్నటిదో. పచ్చి సేపకి ఐసెందుకు? ఆ నీలం పెట్టె ఒక్కనాడు, ఒక్కనాడంటే ఒక్కనాడు, నెత్తినెట్టుకుని వొచ్చినాను. ఇందాకటి ఆ ముసలమ్మగోరే, 'ఏటే, నువ్వు కూడా ఐసు సేపలు అమ్మతన్నావేటే' అని తలుపేసేసినారు. నాలుగు రోజులు నా మొకం సూడనేదు. పెట్టె తీసికెళ్ళి బియ్యం పోసేసినాను."

పెట్టె ఎందుకు పనికిరాలేదో నాకు అప్పుడు తెలిసింది. పెట్టెలో లోపం లేదు. చేపను కాపాడే వస్తువే చేప పాతదని ఊరంతటికీ చాటి చెబుతోంది. ఈ ముక్క ఎవరు చెప్పినా సరిపోయేది. అడగాల్సింది ఈ ముక్కే. మరి ఈమె పద్నాలుగని ఎందుకు చెప్పింది?

ఈలోగా ఒక పెంకుటింటి ముందు ఆగింది. తట్ట దించలేదు. నా వైపు తిరిగి, నా చేతిలో పుస్తకం చూపించి అంది. "ఇది ఆరో వాడుక బాబూ. రాసుకోండి మరి. లెక్క ఎట్టాలన్నారు గదా."

ఒక్క క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు. తరవాత అర్థమై, రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను.

మా ఇంటికి పాలు పోసే ఆవిడకు మేం వాడుక. మా పక్కింటివాళ్ళు వాడుక. "ఈ నెల నుంచి వాడుక ఇంకో అరలీటరు పెంచు" అని మా ఆవిడ వారం కిందటే నా ముందే చెప్పింది. రోజూ ఒకే మనిషి దగ్గర కొనుక్కునే ఇంటిని ఈ దేశంలో వాడుక అంటారని, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకు తెలుసు. తెలిసీ, పెన్ను పట్టుకోగానే మర్చిపోయాను. రోజుకు వాడుకలు ఎన్ని అని నేను అడిగాను. పద్నాలుగు ఇళ్ళని ఆమె చెప్పింది. తుపానొచ్చినంత మాత్రాన ఇళ్ళు తగ్గిపోతాయా? గుమస్తా నిజమే అన్నాడు. ఈ వ్యవహారంలో తప్పు చేసింది అంతవరకూ నేనొక్కణ్ణే.

పద్నాలుగో ఇల్లు అయ్యేవరకూ ఆమె వెనక నడిచాను. అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. ఆఖరి ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె మంచినీళ్ళు అడిగి తాగి, నాకూ ఇప్పించింది.

"బాబూ, మీ కాయితం బాగుంటే పెట్టె నెత్తినెట్టుకున్నోలకే సేప ఇత్తారట గదా. నిజమేనా?" అంది.

నిజమేనన్నాను.

"అలగైతే నా పనైపోయినట్టే. ఈ పద్నాలుగిల్లూ మా యత్త నాకు ఇచ్చినవి. బంగారమేటీ ఇవ్వనేదు, ఇవే ఇచ్చినాది. సచ్చిపోయే ముందర ఇంటింటికీ తిప్పి, ఇది నా కోడలు, ఇకమీద ఇది వస్తాది అని సెప్పినాది. మా వూరోలు ఇంకెవులూ ఈ గుమ్మాలు ఎక్కరు. ఆల ఇల్లు ఆలవి, నా ఇల్లు నావి. పెట్టెట్టుకుని వస్తే ఇందులో నాలుగు కూడా మిగలవు."

నేను ఆ ఫారం సంగతి చెప్పాను. ఏం అడగాలనుకున్నానో, ఏ మాట రాశానో, దానివల్ల ఏమైందో అంతా చెప్పాను. ఆమె మొదట నవ్వింది. "ఓలమ్మ, పెట్టె పద్నాలుగు మాట్లు తీసి మూసినాననుకున్నారా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఫరవాలేదమ్మా, ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను, పెట్టెలు పోతాయి అన్నాను. ఆమె నవ్వు ఉన్నట్టుండి ఆగింది.

"మరి ఆ ఎనకాలదో?"

"వెనకాలది ఏది?"

"ఇళ్ళెక్కడ, ఎవులు ఏటి తింతారు, ఏ దినం వొద్దంతారు, అన్నీ సెప్పమన్నాడు గదా గుమస్తా. అదీ కాయితంలో ఉన్నాదన్నాడు. వాడుకలెక్కువున్నోలకి ఎక్కువ సేప ఇత్తారేమో అనుకుని అందరం సెప్పేసినాం. పెట్టె గురించైతే, అదెందుకు బాబూ?"

ఎనిమిదో ప్రశ్న, వాడుకల వివరం. అదీ నేనే రాశాను. పెట్టెను ఎలా ఉపయోగించారో చెప్పమని రాశాను. పొరపాటమ్మా, అన్నాను. ఆమె నా మొహం వైపు చూస్తూనే ఉంది. ఖాళీ తట్ట తీసుకుని లేచింది.

మర్నాడే శ్రీకాకుళం వెళ్ళాను. శిష్యుడు ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అసలు కాగితాలు కావాలన్నాను. ఏమాత్రం తటపటాయించకుండా కట్ట తెచ్చి ముందు పెట్టాడు. ఆమె కాగితం వెతికి చదివాను. గుమస్తా గుండ్రటి అక్షరాలతో వరసగా రాశాడు. పెంకుటిల్లు, ముల్లు తక్కువున్నది కావాలి. మేడ ఇల్లు, వంజరమైతేనే. ముసలమ్మ ఇల్లు, కవళ్ళ చేపలు, మెత్తగా ఉండకూడదు. మందుల షాపు వెనక ఇల్లు, శనివారం తినరు, ఆదివారం రెట్టింపు. పద్నాలుగు ఇళ్ళు, సందులతో సహా. అలాంటి కాగితాలు ఆ కట్టలో ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కో కాగితం ఒక్కో అత్త ఒక్కో కోడలికి ఇచ్చిపోయిన ఆస్తి.

"భలే వివరంగా చెప్పారు కదా సార్" అన్నాడు శిష్యుడు.

నేను తలెత్తి వాణ్ణి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. వీడి తల్లి పాలమ్మి చదివించింది వీణ్ణి. మా బడికి ఎదురుగా ఉన్న నాలుగిళ్ళలో పోసేది.

"ఒరే, వాడుక అంటే ఏమిటో నీకు తెలుసు కదరా" అన్నాను.

"తెలుసు సార్."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు సార్. వేరేగా రాద్దామని ఆరోజే అన్నాను కదా. మీరు కోప్పడ్డారు." ఎంతో మర్యాదగా అన్నాడు. కళ్ళలోకి చూసే అన్నాడు. అబద్ధం ఆడుతున్నవాణ్ణి పట్టుకోవడంలో నాకు ముప్పై అయిదేళ్ళ అనుభవముంది. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అయినా నాకు వాణ్ణి నమ్మాలనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. వాడు ముందే అనుకుని చేశాడా, దొరికింది కదా అని వాడుకున్నాడా, నాకు తెలియదు.

ఈ కాగితాలు నేను తీసుకెళ్తాను, ఎనిమిదో ప్రశ్న కొట్టేయాలి, అన్నాను. "తీసుకెళ్ళండి సార్. మా దగ్గర వీటి ఫోటోలున్నాయి" అన్నాడు. అవి కూడా తీసేయమన్నాను. "తప్పకుండా సార్" అన్నాడు. ఈసారి కూడా తొందరగానే అన్నాడు.

నాలుగు పేజీలూ ఆ రాత్రే రాశాను. పెట్టె వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఐసు అన్న మాటే కొనేవాళ్ళకు అనుమానం పుట్టిస్తోంది. పట్టికలోని అంకెలు పెట్టెకు సంబంధించినవి కావు. ఫారంలో మాట ఎంపిక తప్పు, ఆ తప్పు పూర్తిగా నాది. ఇళ్ళ వివరాలు ఎవరూ ఉంచుకోకూడదు, వాడకూడదు. ఆఖరి వాక్యం కింద రెండుసార్లు గీత గీసి సంతకం పెట్టాను. అంతా అయ్యాక గర్వపడ్డాను కూడా. ఒప్పుకున్న తప్పు సగం తప్పేనని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

పెట్టెలు వెనక్కి పోయాయి. తప్పనిసరి అన్న మాట మళ్ళీ వినపడలేదు. బియ్యం పెట్టుకోవడానికి మంచి పెట్టె పోయిందని కొందరు ఆడవాళ్ళు గొణుక్కున్నారని గుమస్తా ఫోనులో చెప్పాడు. అతనికి నేను క్షమాపణ చెప్పాను. "ఏటి బాబూ, మీరు నన్ను క్షమించడమేటి" అని కంగారుపడి, వాక్యం తిరగేసి చెప్పాడు. నేను దిద్దలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న మా వెనకవీధిలో పాట పెట్టుకుని ఒక తెల్ల వ్యాను వచ్చింది. చేపలు, ముక్కలు కోసి, కడిగి, సంచుల్లో కట్టి ఇంటికే తెచ్చిస్తారట. పాట విని నేను బయటికి నడిచాను. నాకు పనేమీ లేదు. కాళ్ళు వాటంతట అవే నడిచాయి. వ్యాను ఏ గుమ్మం ముందూ ఊరికే ఆగడం లేదు. కొన్ని ఇళ్ళు వదిలేసి కొన్ని ఇళ్ళ ముందే ఆగుతోంది. ఏయే ఇళ్ళ ముందు ఆగుతుందో నాకు ముందే తెలుసు.

మందుల షాపు వెనక ఇంటావిడ సంచి పట్టుకుని లోపలికి వెళ్తూ నన్ను చూసి ఆగింది. ఆవిడ కూతురు నా దగ్గర చదివింది.

"ఏటి మేష్టారూ, ఇటొచ్చారు? మీకూ చేపలు కావాలేటి?" అని నవ్వింది.

"ఇది ఐసు చేప కాదామ్మా?" అన్నాను.

"ముక్కలు కోసేసినాక ఏ చేపో ఎవరికి తెలుస్తాది? మొప్ప చూడ్డానికి మొప్పుంటే కదా. కోసుకునే బాధ తప్పినాది, అంతే." తరవాత గొంతు తగ్గించి, మెచ్చుకోలుగా చెప్పింది. "భలేవోళ్ళు మేష్టారూ. మేం శనివారం ముట్టుకోమని కూడా వాళ్ళకి తెలుసు. నిన్న ఒక కుర్రోడొచ్చి, 'శనివారం మీరు తినరు కదమ్మా, అందుకే ఆదివారం తెస్తన్నాం' అన్నారు. మా చుట్టాలకే గుర్తుండదు!"

ఆ కాగితం మా బీరువాలో ఉంది. నేనే తాళం వేశాను.

ఇంటికి రాగానే శిష్యుడికి ఫోను చేశాను. అరిచాను. వాడు చివరిదాకా విన్నాడు. "పెట్టెతో పని జరగలేదని మీరే రాశారు కదా సార్. అందుకే పైవాళ్ళు వేరే దారి చూశారు. మీ రిపోర్టు చాలా మెచ్చుకున్నారు" అన్నాడు. ఫోను పెట్టేశాను. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. నా అనుమానం గురించి ఆవిడ ఎన్నో ఏళ్ళుగా వేళాకోళం చేస్తోంది. ఆ రోజు చెయ్యలేదు. ప్రపంచంలో అందరినీ అనుమానించాను, నన్ను తప్ప, అని ఆవిడతో అన్నాను. "ఇప్పుడు ఆమె దగ్గరికెళ్ళి చెప్పండి. నాతో కాదు" అంది.

ఆమెకు ఏం చెప్పాలో మూడు రోజులు మాటలు కూర్చుకున్నాను. వ్యాను నాకు తెలియకుండా వచ్చిందని చెప్పాలి. కాగితాలు నేను ఇవ్వలేదని చెప్పాలి. అసలు ఆ ప్రశ్న రాసింది నేనే కాబట్టి, ఆ రెండు మాటలూ చెప్పడానికి నాకు హక్కు లేదని కూడా చెప్పాలి. నాలుగోరోజు, ఆమె వచ్చే వేళకు వెనకవీధి మొదట్లో నిలబడ్డాను.

వచ్చింది. తట్ట ఇంకా నిండుగానే ఉంది. ఆ వేళకు సగమైనా తగ్గాలి. దూరం నుంచే నన్ను గుర్తుపట్టింది. కేక వేయడం ఆపేసింది. నేను రెండడుగులు ముందుకు వేసి, "అమ్మా" అన్నాను.

"బాగున్నారా బాబూ" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"నీతో మాట్లాడాలని..."

"మాటాడేదేటున్నాది బాబూ. మీరెల్లండి, ఎండగున్నాది."

పక్కనే పెంకుటిల్లుంది. ఆమె ఆ ఇంటి వైపు చూడలేదు. ఎటూ చూడలేదు. గోడవారన నీడలో తట్ట దించి, గోనెపట్టా సర్దుతూ నిలబడింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు. నేను అక్కడున్నంతసేపూ ఏ ఇంటికి వెళ్తుందో నాకు కనపడనివ్వదని అప్పుడు తెలిసింది. ఇంకా తనకు ఏ ఇళ్ళు మిగిలాయో నేను చూడకూడదు.

నేను వెనక్కి తిరిగి నడిచాను. వీధి చివర మలుపు తిరిగాను. మా ఇల్లు అటువైపు కాదు. అయినా తిరిగి, గోడకు అవతల నిలబడ్డాను. అప్పుడు గానీ ఆమె కేక వినపడలేదు.